ఫోటో అక్కడే ఉంది, సాఫ్ట్‌వేర్‌కే దారి తెలియట్లేదు

హార్డ్ డిస్క్ తగిలించి ఫోటోల సాఫ్ట్‌వేర్ తెరిస్తే వరసకు వరస బూడిద రంగు డబ్బాలు. కింద ఫైలు పేర్లున్నాయి, తేదీలున్నాయి, మొత్తం ఎన్ని ఫోటోలో లెక్క కూడా చూపిస్తోంది. బొమ్మలు మాత్రం లేవు. పిల్లాడి అన్నప్రాశన నుంచి అమ్మానాన్నల షష్టిపూర్తి దాకా అన్నీ అందులోనే ఉంటే ఆ క్షణంలో చెయ్యి ఊరుకోదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. దొరకని ఫోటోలను జాబితాలోంచి తీసేయాలా అని అడిగితే 'ఓకే' కొడతాం. ఉన్న ఫోల్డర్లన్నీ మళ్లీ ఇంపోర్ట్ చేస్తాం. అసలు నష్టం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. బొమ్మ కనపడకుండా చేసిన లోపం చిన్నదే అయ్యుంటుంది, దాన్ని సరిచేయబోయి చెరిపేసుకునేదే పెద్దది.

పికాసా, లైట్‌రూమ్ క్లాసిక్, డిజికామ్, ఫోన్‌లోని గ్యాలరీ, ఏదైనా సరే, గ్రిడ్‌లో మనం చూసేది అసలు ఫోటోని కాదు. ఫోటో ఎక్కడో డిస్క్ మీద ఫైలుగా ఉంటుంది. అది ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో, దానికి ఎన్ని స్టార్లిచ్చారో, ఎవరి ముఖానికి ఏ పేరు పెట్టారో రాసుకున్న డేటాబేస్ వేరే చోట ఉంటుంది. దాన్నే కేటలాగ్ అంటారు. తెర మీద గబగబా చూపించడానికి ముందే చేసిపెట్టుకున్న చిన్న బొమ్మలు, అంటే థంబ్‌నెయిల్స్, ఇంకో చోట ఉంటాయి. ఇది అడంగల్‌కీ పొలానికీ ఉన్న సంబంధం లాంటిది. అడంగల్‌లో సర్వే నంబరు తప్పు పడితే పొలం మాయం కాదు, కానీ ఆఫీసులో అడిగితే మాత్రం లేదంటారు.

నమ్మకం కుదరకపోతే లైట్‌రూమ్ క్లాసిక్‌లో చూడండి. ఫోటోలున్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని పీకేసినా లైబ్రరీలో బొమ్మలు అలాగే కనిపిస్తూ ఉంటాయి, ఎందుకంటే అవి ప్రివ్యూలు, అంటే థంబ్‌నెయిల్స్ లాగే ముందే చేసిపెట్టుకున్న కాపీలు. ఫోటోని సవరించే డెవలప్ పేజీలోకి వెళ్తే అప్పుడు ఫైలు దొరకలేదంటుంది. దీనికి తిరగేసింది కూడా జరుగుతుంది: ఫైలు నిక్షేపంలా ఉంటుంది, ప్రివ్యూ చెడిపోయి బూడిద డబ్బా కనిపిస్తుంది.

అందుకే మొదటి పని ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌ని అలా పక్కన పెట్టి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఆ ఫోటో ఫైలు దగ్గరికి నేరుగా వెళ్లి, వేరే ప్రోగ్రామ్‌తో తెరవండి. తెరుచుకుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. తప్పు కేటలాగ్‌దో ప్రివ్యూదో అయ్యుంటుంది. ఫైలే ఆ చోట లేకపోతే దారి తప్పింది. ఫైలు ఉండి ఎందులోనూ తెరుచుకోకపోతే ఫార్మాట్ సమస్యో, ఫైలు దెబ్బతినడమో అవుతుంది. ఈ మూడింటికీ మందు వేరు.

డ్రైవ్ అక్షరం మారినప్పుడు

విండోస్‌లో తరచుగా ఎదురయ్యే తంటా ఇది. ఫోటోలు దించుకున్న రోజు ఎక్స్‌టర్నల్ డిస్క్ 'ఈ' డ్రైవ్‌గా వచ్చింది. కేటలాగ్ అదే రాసుకుంది. తర్వాతెప్పుడో పెన్ డ్రైవ్ పెట్టి ఉండగా డిస్క్ తగిలిస్తే, 'ఈ' పెన్ డ్రైవ్‌కి పోయి డిస్క్‌కి 'ఎఫ్' వచ్చింది. మనకి అదే డిస్క్, అవే ఫోల్డర్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం 'ఈ'లో వెతికి లేవంటుంది.

దీనికి సాఫ్ట్‌వేర్‌ని ముట్టుకోకుండానే పరిష్కారం ఉంది. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ అక్షరం మార్చే ఆప్షన్‌లో పాత అక్షరం ఇచ్చేయండి. ఒక్క ఫోటోని కదపకుండా అన్నీ వెనక్కి వస్తాయి. అసలు మొదట్లోనే 'పీ' లాంటి దూరపు అక్షరం పెట్టుకుంటే మళ్లీ ఈ గొడవ రావడం అరుదు.

ఫోల్డర్‌నే మీరు వేరే చోటికి జరిపి ఉంటే లైట్‌రూమ్‌లో ఆ ఫోల్డర్ పక్కన ప్రశ్నార్థకం, ఫోటో మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్' నొక్కి కొత్త చోటు చూపించాలి. వీలైనంత పై ఫోల్డర్‌ని చూపిస్తే కింద ఉన్నవన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. విడి ఫోటో అయితే ఆశ్చర్యార్థకం మీద నొక్కి 'లొకేట్' అనండి, చుట్టుపక్కల ఫోటోలను కూడా వెతకమనే టిక్ అక్కడే ఉంటుంది. జాబితాలోంచి తీసేయమని మాత్రం చెప్పకండి. లైట్‌రూమ్‌లో మీరు చేసిన రంగుల సవరణలు, స్టార్లు, కలెక్షన్లు మామూలుగా కేటలాగ్‌లోనే ఉంటాయి, ఫోటోలో కాదు. ఎక్స్‌ఎంపీలోకి, అంటే ఫోటోతో పాటే ఉండే సమాచారంలోకి కూడా రాయమని ముందే సెట్ చేసుకుని ఉంటే కొంత మిగులుతుంది. లేకపోతే తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేసిన ఫోటో, కెమెరాలోంచి అప్పుడే వచ్చినట్టు కోరాగా ఉంటుంది.

డిజికామ్ ఇక్కడ కాస్త తెలివిగా, కాస్త చాదస్తంగా ఉంటుంది. అది డ్రైవ్ అక్షరాన్ని నమ్ముకోకుండా డిస్క్‌కి ఉండే గుర్తింపు సంఖ్యను రాసుకుంటుంది. కాబట్టి అక్షరం మారినా సాధారణంగా ఫర్వాలేదు. కానీ పాత డిస్క్ నిండిపోయిందని అన్నీ కొత్త డిస్క్‌లోకి కాపీ చేస్తే, ఫోల్డర్ పేర్లు అచ్చు అవే ఉన్నా, గుర్తింపు సంఖ్య వేరు కనుక పాత కలెక్షన్ (డిజికామ్‌కి మొదట చూపించిన ఫోటోల ఫోల్డర్) ఆఫ్‌లైన్‌లో ఉందనుకుని ఆల్బమ్‌లు దాచేస్తుంది. సెట్టింగ్స్‌లో కలెక్షన్స్ పేజీకి వెళ్లి పాత కలెక్షన్‌కే కొత్త దారి చూపించాలి. కొత్త కలెక్షన్‌గా చేర్చేస్తే జంట జాబితా తయారవుతుంది.

క్లౌడ్ వాడేవాళ్లకి ఇదే సమస్య ఇంకో వేషంలో వస్తుంది. వన్‌డ్రైవ్‌లో ఫైలు పేరు కనిపిస్తున్నా అసలు ఫైలు ఇంకా సర్వర్‌లోనే ఉండొచ్చు. పేరు పక్కన మబ్బు గుర్తు ఉంటే అంతే. ఐఫోన్‌లో ఆప్టిమైజ్ స్టోరేజ్ ఆన్ చేసి ఉంటే ఫోన్‌లో చిన్న కాపీలే ఉండి, అసలువి ఐక్లౌడ్‌లో ఉంటాయి. వన్‌డ్రైవ్‌లోనైతే ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమని చెబితే గానీ ఫోటోల సాఫ్ట్‌వేర్‌కి చదవడానికి ఏమీ దొరకదు. కేటలాగ్ ఫైలుని మాత్రం ఇలాంటి సింక్ ఫోల్డర్‌లో పెట్టుకోకపోవడమే మంచిది. రెండు కంప్యూటర్లు ఒకేసారి రాస్తే డేటాబేస్ చెడుతుంది.

తెలుగులో పేరు పెడితే

దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. 'శ్రీశైలం 2015' అని ఫోల్డర్‌కి తెలుగులో పేరు పెట్టుకోవడంలో తప్పేం లేదు. ఇప్పటి విండోస్, మ్యాక్, లినక్స్ అన్నీ చక్కగా చూపిస్తాయి. చిక్కల్లా మూడు చోట్ల వస్తుంది.

ఒకటి పాత ప్రోగ్రాములు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో ఫైలు దారిని అడగని ప్రోగ్రామ్‌కి తెలుగు పేరు వరసగా ప్రశ్నార్థకాలుగా అందుతుంది. ఆ ప్రశ్నార్థకాల పేరుతో ఏ ఫోల్డరూ ఉండదు కాబట్టి బొమ్మ రాదు. పరీక్ష తేలిక: రెండు ఫోటోలను సీ డ్రైవ్‌లో ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూడండి. అక్కడ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

రెండోది పొడవు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఇప్పటికీ డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా మొత్తం దారి 260 క్యారెక్టర్లు దాటకూడదు. మనకి 'శ్రీ' ఒకే అక్షరం. కంప్యూటర్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్, అన్నిటికీ పొడుగాటి తెలుగు పేర్లుంటే హద్దు దాటడం ఎంతసేపు. లినక్స్‌లో ఒక్కో పేరుకి 255 బైట్లు హద్దు, తెలుగు క్యారెక్టర్ ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది కనుక అక్కడ 85 క్యారెక్టర్లతో సరి.

మూడోది అన్నిటికన్నా చిత్రమైనది, ఐత్వంతో వస్తుంది. 'శైలం'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ దాచొచ్చు, ఎత్వం ఒకటి, దాని కింద వచ్చే గుర్తు ఒకటి, రెండుగా విడదీసి కూడా దాచొచ్చు. కంటికి రెండూ ఒకటే. మనం టైప్ చేసేటప్పుడు ఒకే గుర్తు పడుతుంది. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం పేరు దాచేటప్పుడు దాన్ని రెండుగా విడదీస్తుంది. ఆ డిస్క్ నుంచి లినక్స్‌కి, లేదా లోపల లినక్స్ నడిచే నాస్ పెట్టెకి (నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్క్ పెట్టె) కాపీ చేశారనుకోండి, లినక్స్ బైట్లను చూసి పోలుస్తుంది కనుక దానికి ఈ రెండూ వేర్వేరు పేర్లు. కేటలాగ్‌లో ఉన్న శ్రీశైలం వేరు, డిస్క్ మీద ఉన్న శ్రీశైలం వేరు. ఒకే జాబితాలో 'హైదరాబాద్' ఫోల్డర్లు రెండు పక్కపక్కనే కనిపించి బుర్ర గోక్కునేలా చేసేది కూడా ఇదే. కంటికి తేడా కనపడని తప్పు కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని ఎంత తిట్టినా లాభం లేదు. ఫోల్డర్ పేరుని చెరిపి మళ్లీ టైప్ చేస్తే ఒక్క గుర్తుకి మారుతుంది, తర్వాత కేటలాగ్‌కి ఆ ఫోల్డర్ చూపించాలి. వందల ఫోల్డర్లుంటే లినక్స్‌లో 'కన్వ్‌ఎమ్‌వీ' అనే పనిముట్టు ఈ పేర్లన్నిటినీ ఒక పద్ధతికి తెస్తుంది.

ఫైలు ఉంది, చదవడం రాదు

ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో జేపెగ్ బదులు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌ని మామూలు చేసింది. జేపెగ్ కంటే తక్కువ చోటు పడుతుంది, నాణ్యత తగ్గదు. కానీ లోపల వాడిన హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతికి పేటెంట్లున్నాయి. అందుకే విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి 'హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్' ఉచితంగా వస్తుంది గానీ 'హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్'కి కొద్దిగా డబ్బు కట్టాలి. మొదటిదొక్కటే వేసుకుని రెండోది లేక, ఇంకా ఎందుకు కనపడట్లేదని తల పట్టుకునేవాళ్లున్నారు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపిన ఫోటోలు ఇక్కడి పాత కంప్యూటర్‌లో ఖాళీ డబ్బాలుగా కనిపించడం వెనక కథ ఎక్కువగా ఇదే. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే అప్పట్నుంచి తీసేవి జేపెగ్‌లు అవుతాయి. కేబుల్ పెట్టి విండోస్‌లోకి దించేటప్పుడు కాపీ మధ్యలో ఆగిపోతుంటే, ఐఫోన్‌లోని ఫోటోస్ సెట్టింగ్స్‌లో కంప్యూటర్‌కి బదిలీ అన్న చోట 'ఆటోమేటిక్' తీసి 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. దారిలో మార్పిడి ఆగితే కాపీ సాఫీగా సాగుతుంది.

స్టూడియోల వాళ్లకి వచ్చే చిక్కు రా ఫైళ్లతో, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైళ్లతో. కెనాన్ 2018లో ఈఓఎస్ ఎమ్50తో సీఆర్3 అనే కొత్త రా ఫార్మాట్ తెచ్చింది. అంతకుముందు సీఆర్2ని చదివిన ప్రోగ్రాములు దీన్ని చదవలేవు. నెలనెలా డబ్బు కట్టక్కర్లేని ఆఖరి లైట్‌రూమ్ ఆరో వెర్షన్, దానికి అప్‌డేట్లు 2017తో ఆగిపోయాయి. కొత్త కెమెరా కొని పాత లైట్‌రూమే వాడుతుంటే చదవలేననే అంటుంది, ఫైళ్లు పాడైనట్టు కాదు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌లోకి మారిస్తే పాత సాఫ్ట్‌వేరే తెరుస్తుంది. పెళ్లి ఆల్బమ్ షీట్లు పీఎస్‌డీలుగా (ఫోటోషాప్ ఫైళ్లుగా) చేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఫోటోషాప్‌లో 'మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' లేకుండా సేవ్ చేసిన పీఎస్‌డీని లైట్‌రూమ్ చూపించలేదు. ఫ్లెక్సీ, పత్రికల పనికి సీఎంవైకే అనే అచ్చు రంగుల పద్ధతిలో సేవ్ చేసిన జేపెగ్‌లు కూడా కొన్ని ప్రోగ్రాముల్లో రంగులు మారిపోయి కనిపిస్తాయి, కొన్నిట్లో అసలు తెరుచుకోవు.

పేరొకటి, లోపల సరుకొకటి అయిన సందర్భాలూ ఉన్నాయి. హెచ్‌ఈఐసీ ఫైలు చివర జేపీజీ అని పేరు మార్చినంత మాత్రాన జేపెగ్ అయిపోదు. అనుమానం వస్తే ఫైలుని ముందు ఇంకోచోట కాపీ చేసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అంతా పిచ్చి గీతలే గానీ మొదటి వరసలో ఇంగ్లిష్ అక్షరాలు కొన్ని చదవడానికి వస్తాయి. 'జేఎఫ్ఐఎఫ్' గానీ 'ఎగ్జిఫ్' గానీ ఉంటే జేపెగ్. 'పీఎన్‌జీ' అని ఉంటే అదే. 'రిఫ్', ఆ పక్కనే 'వెబ్‌పీ' అని ఉంటే వెబ్‌పీ. 'ఎఫ్‌టైప్' (ftyp) తర్వాత 'హెయిక్' (heic) కనిపిస్తే ఐఫోన్ సరుకు. మూసేటప్పుడు సేవ్ చేయొద్దు, చేస్తే ఫైలు నాశనమే, కాపీ మీద చేయమన్నది అందుకే. తెరిచినప్పుడు ఏమీ లేకుండా అంతా తెల్లగా ఖాళీగా ఉంటే అది ఫార్మాట్ సంగతి కాదు. లోపల ఉన్నవన్నీ సున్నాలు.

సగం బొమ్మ, సగం బూడిద

ఫైలు నిండా సున్నాలుంటే ముందు అనుమానించాల్సింది కార్డునో పెన్ డ్రైవ్‌నో. 128 జీబీ అని అచ్చు వేసి లోపల ఎనిమిదో పదహారో జీబీలు పెట్టి అమ్మే నకిలీలున్నాయి. నిజంగా ఉన్న చోటు అయిపోయాక కూడా కాపీ అవుతున్నట్టే చూపిస్తాయి. పేరు, సైజు రాసుకుంటాయి, ఫోటో మాత్రం ఎక్కడా రాయవు. కొన్న రోజే విండోస్‌లో 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ', లినక్స్‌లో 'ఎఫ్3' అనే ఉచిత ప్రోగ్రాములతో పరీక్షిస్తే నిజం తేలుతుంది. అప్పుడైతే షాపువాడు మార్చి ఇస్తాడు.

పై సగం బాగుండి కింద సగం బూడిదగా ఉంటే కాపీ అవుతుండగా కార్డు లాగేశారన్నమాట. మామూలు జేపెగ్‌లో బొమ్మ పై నుంచి కిందికి వరసగా రాసి ఉంటుంది కనుక ఎక్కడ తెగితే అక్కడిదాకానే కనిపిస్తుంది. ఇలాంటి ఫోటో గ్రిడ్‌లో మాత్రం పూర్తిగా కనిపించి మోసం చేస్తుంది. కెమెరా ఫైలు మొదట్లోనే 160 బై 120 పిక్సెళ్ల బుల్లి బొమ్మ ఒకటి దాచిపెడుతుంది, అది చెక్కుచెదరదు. రా ఫైలైతే లోపల ఇంకా పెద్ద జేపెగ్ ఉంటుంది. అసలు రా తెరుచుకోకపోయినా, ఆ జేపెగ్ ఉన్న భాగం బాగుంటే 'ఎగ్జిఫ్‌టూల్' అనే ప్రోగ్రామ్‌తో దాన్ని బయటికి తీయొచ్చు. కార్డులో ఫోటోలు ఇంకా ఉన్నాయేమో చూడాలంటే దాంట్లో కొత్తగా ఏమీ తీయకుండా పక్కన పెట్టి, పోయిన ఫోటోలను వెతికే 'ఫోటోరెక్' నడపండి, దొరికినవాటిని మాత్రం వేరే డిస్క్‌లోకి రాయించండి.

ఇక గ్రిడ్‌లో అన్నీ బాగుండి, పెద్దగా చేస్తేనే నల్లగా వస్తుంటే ఫోటో గురించి బెంగ అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ అయ్యుంటుంది, లైట్‌రూమ్ పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకం ఆపి చూస్తే తెలుస్తుంది. తెల్లని చోట్లు పసుపు పచ్చగా కనిపిస్తుంటే మానిటర్ కలర్ ప్రొఫైల్ చెడింది, విండోస్ కలర్ మేనేజ్‌మెంట్‌లో ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు ప్రొఫైల్‌ని డిఫాల్ట్ చేస్తే సరి.

కొన్నిసార్లు అసలు ఏ లోపమూ ఉండదు. ఎప్పుడో నొక్కిన ఫిల్టర్ అలాగే ఉండిపోతుంది. లైట్‌రూమ్ రా పక్కన ఉన్న జేపెగ్‌ని విడిగా చూపించదు, ప్రిఫరెన్సెస్‌లో చెబితేనే చూపిస్తుంది. కెమెరా లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతే నిన్న తీసినవి టైమ్‌లైన్ అడుగున పడి ఉంటాయి. వాట్సాప్ ఫోటోల్లో తీసిన తేదీ ఉండదు కనుక అవీ తప్పిపోయినట్టే అనిపిస్తాయి. ఫోన్ గ్యాలరీలో వాట్సాప్ ఫోటోలు మొత్తం మాయమైతే వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ చూడండి. అది ఆపితే ఆ ఫోల్డర్‌లో 'నోమీడియా' అనే ఖాళీ ఫైలు చేరుతుంది, గ్యాలరీ దాన్ని చూసి ఆ ఫోల్డర్‌ని వదిలేస్తుంది.

ఏది చెరపొచ్చు

ఫైళ్లు బాగున్నాయి, దారులు సరిగ్గా ఉన్నాయి, అయినా బూడిద డబ్బాలే అంటే థంబ్‌నెయిల్స్ చెడ్డాయి. వాటిని చెరిపి మళ్లీ చేయించడమే. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌వి డిస్క్ క్లీనప్‌లో 'థంబ్‌నెయిల్స్' టిక్ పెట్టి తీసేయొచ్చు. డిజికామ్‌లో టూల్స్ కింద మెయింటెనెన్స్‌లో థంబ్‌నెయిల్స్ మళ్లీ కట్టించే ఆప్షన్ ఉంది. దాని ఫోల్డర్‌లో 'థంబ్‌నెయిల్స్-డిజికామ్' అనే డేటాబేస్ పోయినా నష్టం లేదు, 'డిజికామ్4' పోతే మాత్రం ట్యాగులూ రేటింగులూ పోతాయి. లైట్‌రూమ్‌లో పేర్లు ఇంకా గజిబిజి. 'ప్రివ్యూస్' అని ఉండి 'ఎల్‌ఆర్‌డేటా'తో ముగిసేది చెరపొచ్చు. 'ఎల్‌ఆర్‌క్యాట్' అసలు కేటలాగ్, దాని జోలికి పోకూడదు. 2021లో పదకొండో వెర్షన్‌తో 'ఎల్‌ఆర్‌క్యాట్-డేటా' అని ఇంకొకటి వచ్చింది. పేరులో డేటా ఉంది కదా అని తీసేస్తే మాస్కులతో, అంటే ఫోటోలో కొంత భాగానికే చేసిన సవరణల పని పోతుంది. ప్రివ్యూల విషయంలోనూ ఒక మినహాయింపు ఉంది. అసలు ఫోటోలే పోయాయని తేలితే ప్రివ్యూలను ముట్టుకోవద్దు, వాటిల్లో మిగిలిన చిన్న కాపీలే ఇక మీకున్న ఫోటోలు.

పికాసా ఇంకా వాడుతున్నవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు, గూగుల్ 2016 మార్చిలోనే దాన్ని వదిలేసినా. దానికి హెచ్‌ఈఐసీ రాదు, ఇక రాబోదు. దాని డేటాబేస్ విండోస్ యూజర్ ఫోల్డర్ లోపల 'డీబీ3' అనే చోట ఉంటుంది కనుక కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే పోతుంది. కానీ స్టార్లు, సవరణలు, ముఖాల గుర్తులు ప్రతి ఫోటో ఫోల్డర్‌లోనూ 'పికాసా.ఐఎన్ఐ' అనే దాచిన ఫైలులో కూడా ఉంటాయి, సవరించి సేవ్ చేసిన ఫోటోల అసలు కాపీలు 'పికాసాఒరిజినల్స్' అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్త కంప్యూటర్‌కి మారేటప్పుడు ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో 'హిడెన్ ఐటెమ్స్' టిక్ పెట్టుకుని, ఫోటోలను ఏరుకోకుండా ఫోల్డర్లకు ఫోల్డర్లే కాపీ చేయండి.